షేర్ కారు సర్వీసు కడదాం – 3వ పాఠం: బండి చెప్పిన మాట ఎంత పాతది?

పోయిన పాఠంలో అనంతపురం నుంచి పెనుకొండ దాకా జనం ఎక్కే చోట్లు పట్టికలో రాసుకున్నాం: తపోవనం, రాప్తాడు, మరూరు, సీకే పల్లి. ఒక్కోదానికి అక్షాంశం, రేఖాంశం కూడా పెట్టుకున్నాం. అది పూర్తి చేయనివాళ్లు ముందు ఆ పని ముగించుకుని రండి. ఈరోజు బండితోనే మాట్లాడిద్దాం.

స్టీరింగ్ కింద, డ్రైవరు మోకాలికి కొంచెం పైన తడమండి. చాలా కార్లలో 16 పిన్నుల సాకెట్ ఒకటి చేతికి తగులుతుంది. షెడ్డులో మెకానిక్ స్కానర్ పెట్టేది అందులోనే. దాన్ని ఓబీడీ-2 పోర్టు అంటారు. ఈఎల్ఎం 327 రకం బ్లూటూత్ అడాప్టర్ అందులో గుచ్చి, బండి స్టార్ట్ చేసి, ఫోన్‌లో బ్లూటూత్ టెర్మినల్ యాప్ తెరిచి 010డి అని పంపండి (చివరిది ఇంగ్లీషు అక్షరం డి). 01 అంటే ‘ఇప్పటి సంగతి చెప్పు’ అని, 0డి అంటే ‘వేగం’ అని అర్థం.

జవాబు ఇలా వస్తుంది: 41 0డి 28. మొదటి రెండు ముక్కలు మనం అడిగిన ప్రశ్నకే జవాబు అని చెబుతాయి. చివరి 28 చూసి వేగం 28 అనుకోవద్దు. అది హెక్సాడెసిమల్ (పదుల బదులు పదహార్లతో లెక్కించే) లెక్క: 2×16+8, అంటే గంటకు 40 కిలోమీటర్లు. ఇంజన్ తిరుగుడు కావాలంటే 010సి పంపాలి. 41 0సి 18 40 అని వస్తే 18 అంటే 24, 40 అంటే 64. (24×256+64)ను 4తో భాగిస్తే నిమిషానికి 1552 చుట్లు. ఈ రెండు లెక్కలూ కాగితం మీద ఒకసారి చేయండి. చేత్తో చేస్తేనే కోడ్ రాసేటప్పుడు తడబాటు ఉండదు.

బండి ఎక్కడుందో, ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో ఈ రెండు ప్రశ్నలతో తెలియదు. స్థానం ఫోన్ జీపీఎస్ నుంచి తీసుకుంటాం. సీట్ల లెక్క డ్రైవరన్నే ఒక బటన్ నొక్కి చెప్పాలి. ఇంకో మాట: పని అయిపోగానే అడాప్టర్ తీసేయండి. ఊరికే వదిలేస్తే బ్యాటరీ తాగుతుంది. పైగా చవక రకాలు చాలావాటికి జత కలిపే పిన్ 1234. పక్కనున్న ఎవరైనా మీ బండికి జతపడగలరు.

ఇక కబురు సర్వర్‌కు చేర్చడం. దీనికి ఎమ్‌క్యూటీటీ వాడదాం. పరికరాలు చిన్న చిన్న కబుర్లు పంపుకునే పద్ధతి ఇది. 1999లో చమురు పైపులైన్ల సమాచారం శాటిలైట్ ద్వారా తక్కువ డేటాతో పంపడానికి పుట్టింది. సిగ్నల్ వచ్చిపోయే మన హైవేకు బాగా సరిపోతుంది. ఇందులో ‘రిటెయిన్’ అనే సౌకర్యం ఉంది: చివరి కబురును బ్రోకర్ (కబుర్లు అందుకుని పంచే సర్వర్) దాచిపెట్టి, కొత్తగా యాప్ తెరిచినవాళ్లకు వెంటనే ఇస్తుంది. మేం దెబ్బతిన్నది ఇక్కడే.

రెండు బండ్లతో పరీక్ష చేస్తున్న రోజుల్లో ఒక ఆమె మరూరు దగ్గర ఎండలో నిలబడింది. బండి రెండు కిలోమీటర్ల దూరంలో ఉందని యాప్ చూపిస్తూనే ఉంది. నిజానికి డ్రైవర్ ఫోన్‌కు సిగ్నల్ పోయింది, ఆమె బుకింగ్ అతనికి చేరలేదు, బండి ఎప్పుడో దాటిపోయింది. ఆమె చూస్తున్నది బ్రోకర్ దాచిన పాత కబురు. ‘రాదని చెప్పింటే బస్సెక్కి పోయేదాన్ని కదప్పా’ అంది ఫోన్‌లో. ఆ రాత్రే కూర్చుని కోడ్ మార్చాం.

మార్చింది ఇదీ. ప్రతి కబురులోనూ స్థానంతో పాటు జీపీఎస్ టైం పెట్టాలి. గంటకు 80 మీద పోయే బండి 15 సెకన్లలో 333 మీటర్లు, 3 నిమిషాల్లో 4 కిలోమీటర్లు కదులుతుంది. అందుకే 20 సెకన్ల లోపు కబురైతే బండి గుర్తు మామూలు రంగులో ఉంటుంది. రెండు నిమిషాల వరకు బూడిదరంగులో, ఎంతసేపటి కిందటిదో పక్కన రాసి చూపిస్తాం. అది దాటితే ఆ బండికి కొత్త బుకింగ్ ఇవ్వం. సిగ్నల్ తిరిగొచ్చాక ఫోన్ దాచుకున్న పాత స్థానాలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. టైం పోల్చి చూడకుండా ఏదీ కొత్త స్థానం మీద రాయనివ్వకండి.

ఎమ్‌క్యూటీటీలో వీలునామా లాంటిది కూడా ఉంది. ‘నేను చెప్పాపెట్టకుండా తెగిపోతే ఈ మాట అందరికీ చెప్పు’ అని ఫోన్ ముందే బ్రోకర్‌కు అప్పజెబుతుంది. కీప్ అలైవ్ (ఫోన్ ఏ కబురూ పంపకుండా ఉండగల గడువు) 20 సెకన్లు పెడితే, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 30 సెకన్లు చూసి బ్రోకర్ ఆ మాట బయటపెడుతుంది. స్థానానికి క్యూఓఎస్ (కబురు చేరిందో లేదో ఎంత గట్టిగా చూసుకోవాలో చెప్పే స్థాయి) 0 చాలు, ఒకటి పోయినా ఇంకోటి వస్తుంది. బుకింగ్‌కు మాత్రం 1 పెట్టండి, కనీసం ఒకసారి చేరేలా చూస్తుంది. అది రెండుసార్లు చేరే వీలుంది కాబట్టి ప్రతి బుకింగ్‌కు ఒక నంబర్ ఇవ్వండి, లేకపోతే ఒక్క మనిషికి రెండు సీట్లు పోతాయి.

ఇంటిపని: బండి వేరేవాళ్లు నడపాలి, మీరు పక్క సీట్లో కూర్చోండి. రాప్తాడు దాటాక కబుర్లు పంపే ఫోన్‌ను మూడు నిమిషాలు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి తీసేయండి. ఇంట్లో ఒకరిని యాప్ చూస్తుండమని చెప్పి, గుర్తు ఎన్ని సెకన్లకు బూడిదరంగుకు మారిందో, తిరిగి వచ్చాక వెనక్కి దూకిందో లేదో రాయించుకోండి. 4వ పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.