ఈస్టర్ ప్లాస్టిక్ గుడ్లతో పిల్లల చేతిపని – మూడవ పాఠం: అతుకు

రెండవ పాఠం చదివి, ఈ ప్లాస్టిక్ గుడ్లలో గింజలు నింపి గిలక్కాయలు చేసినవారిలో చాలామంది ఒకే ఇబ్బంది రాశారు. పిల్లలు నాలుగుసార్లు ఊపేసరికి గుడ్డు రెండు డిప్పలుగా ఊడిపోయి, లోపలి బియ్యం కార్పెట్టంతా చిమ్మింది. కొందరు జిగురును వేడితో కరిగించి పోసే గ్లూ గన్‌తో అతికించినా మరునాటికి జిగురు పొరలాగా లేచి వచ్చేసిందన్నారు. అందుచేత ఈసారి మొదలుపెట్టవలసిన అక్షరాల గుడ్లను కొంచెం వెనక్కి జరిపి, ముందుగా రెండు డిప్పలూ కలిసే అతుకు సంగతి తేల్చుకుందాం. ఈ గుడ్డుతో ఏం చేయాలనుకున్నా అది శాశ్వతంగా మూసుకుపోవాలా, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలా, మూసి ఉండగానే గిర్రున తిరగాలా అన్నది మొదట నిర్ణయించుకోవాలి. తక్కిన పనంతా దాన్నిబట్టే నడుస్తుంది.

అమెరికాలో అపార్టుమెంట్ల పచ్చికలోనూ, పార్కుల్లోనూ, లైబ్రరీల ముందూ ఈస్టర్‌కు జరిగే ఎగ్ హంట్‌ల నుంచి, అంటే దాచిన గుడ్లను వెతికే ఆటల నుంచి, మన పిల్లలు బుట్టెడేసి గుడ్లు ఇంటికి తెస్తారు. మూడేళ్ళ పిల్ల వేళ్ళకు కూడా తెరుచుకుని, లోపలి మిఠాయి చేతికి అందాలన్నదే వాటి తయారీలో ఉద్దేశం. కాబట్టి అతుకు వదులుగా ఉండటం గుడ్డులో లోపం కాదు. గిలక్కాయకు మాత్రం ఆ గుణమే అడ్డు వస్తుంది.

గుడ్లన్నిటినీ పాత్రల సబ్బుతో కడిగి, బాగా ఆరనిచ్చి, రెండు కుప్పలుగా వేరు చేయండి. రెండు డిప్పలకూ మధ్య సన్నని ప్లాస్టిక్ పట్టీ ఉన్నవి ఒక కుప్ప, డిప్పలు పూర్తిగా విడిపోయేవి మరొక కుప్ప. తర్వాత ఒక్కొక్కదాన్ని బొటనవేలితో మెల్లగా నొక్కి చూడండి. లొత్తపడి మళ్ళీ యథాస్థితికి వచ్చేది మెత్తని రకం. నొక్కగానే టిక్కుమని శబ్దం చేస్తూ తెల్లని గీత పడేది పెళుసు రకం. పెళుసు రకం పగిలితే అంచు కోసుకుంటుంది కనుక దాన్ని ఊపే ఆటలకు వాడవద్దు.

ఇక జిగురు విషయం. ఇది కాస్త విడమరచి చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే ఇంటర్నెట్‌లో కనిపించే వీడియోలు చాలావరకు గ్లూ గన్‌తోనే మొదలవుతాయి, చూసినవారు అదే చేసి నష్టపోతారు. మెత్తని రకం గుడ్లను సాధారణంగా పాలీప్రొపిలీన్‌తోనో పాలీఎథిలీన్‌తోనో చేస్తారు. ఈ ప్లాస్టిక్‌ల ఉపరితలం జిగురును తనలోకి పట్టనివ్వదు. పోసిన జిగురు చల్లారి గట్టిపడి, పైన ఒక బిళ్ళలా కూర్చుంటుందే తప్ప గుడ్డుతో కలిసిపోదు. గుడ్డు గోడ వంగినప్పుడల్లా గట్టిపడిన ఆ జిగురు వంగలేక అంచు దగ్గర లేస్తుంది, రెండు మూడు ఊపులకు మొత్తం ఊడి వస్తుంది. ఎక్కువ జిగురు పోస్తే ఎక్కువ పట్టు వస్తుందనుకోవడం పొరపాటు, ఆ వేడికి పలుచని గోడ వంకర తిరిగి డిప్పలు అసలే కలవకుండా పోతాయి. పైగా ఆ వేడి పిల్లల వేళ్ళ దగ్గర పెట్టదగినది కాదు. సూపర్ గ్లూ ఇంకా అపాయకరం, అది గుడ్డుకు అంటకపోయినా చర్మానికి క్షణంలో అంటుకుంటుంది. అందుకే ఈ పాఠాల్లో జిగురు ఎక్కడా వాడను.

పనికొచ్చేది వైర్లకు చుట్టే ఎలక్ట్రికల్ టేపు. అది సాగుతుంది. మామూలు పారదర్శక టేపు సాగదు కాబట్టి గుడ్డు వంపు మీద ముడతలు పడుతుంది, ఆ ముడతల దగ్గరే విడిపోతుంది. టేపు వెడల్పులో సగం పై డిప్ప మీదా, సగం కింది డిప్ప మీదా ఉండేలా అతుకు చుట్టూ కొద్దిగా లాగుతూ ఒకటిన్నర చుట్టు చుట్టండి. చివరి అంగుళం మాత్రం లాగకుండా వదులుగా అద్దాలి, లాగి అతికించిన కొస మెల్లగా వెనక్కి ముడుచుకుని లేచిపోతుంది. అతుకును దాటుతూ నిలువుగా ముక్కలు అతికించడం వృథా. పిల్లలు గుడ్డును ఊపేటప్పుడు మెలితిప్పుతారు, నిలువు ముక్కలు ఆ మెలికకు ఆగవు.

చాలా గుడ్లకు కొసల దగ్గర సూది బెజ్జాలంత రంధ్రాలు ఉంటాయి. ఉప్మా రవ్వ, గసగసాలు వాటిలోంచి రాలుతూనే ఉంటాయి కనుక నింపే ముందే లోపలి వైపు నుంచి చిన్న టేపు ముక్క అద్దాలి. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో గింజలు నింపిన గుడ్డును పెద్దలు పక్కన లేకుండా ఇవ్వకండి. గింజ ముక్కులో దూరితే తడికి ఉబ్బుతుంది, తీయడం కష్టమవుతుంది. చంటిపిల్లలకు ఖాళీ డిప్పలు కూడా వద్దు. గిన్నె ఆకారపు వస్తువు నోరూ ముక్కూ కప్పి గాలి పీల్చుకుని అతుక్కునే ప్రమాదం ఉంది, అమెరికా బొమ్మల భద్రతా ప్రమాణాల్లో దీనికోసం ప్రత్యేక నిబంధనే ఉంది.

అతుకు కుదిరిందంటే జోడీ శబ్దాల ఆట చేతికి వచ్చినట్టే. బియ్యం, పెసలు, శనగలు, రాళ్ళుప్పు, సగ్గుబియ్యం, చిన్న గుండీలు – ఒక్కొక్కటి రెండేసి గుడ్లలో సమానంగా, పావు వంతుకు మించకుండా నింపి, ఒకే శబ్దం ఉన్న జంటను వెతకమనాలి. 1939లో మద్రాసు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలోని శబ్దపు డబ్బీలు కూడా ఇలా ఆరు జతలే. గుడ్లన్నీ ఒకే రంగువి అయి ఉండాలి, లేకపోతే పిల్లలు చెవితో కాక కంటితో జత కలుపుతారు.

ఇప్పుడు తిరిగే అతుకు. దీనికి పట్టీ లేని గుడ్లే కావాలి, టేపు వేయకూడదు. బిగుతుగా తిరుగుతుంటే లోపలి అంచు మీద కొవ్వొత్తి రుద్దండి. కింది డిప్ప అంచు వెంట హల్లులు, పై డిప్ప అంచు వెంట అచ్చులు చెరిగిపోని మార్కరుతో రాయాలి. నాలుగు సెంటీమీటర్ల వ్యాసమున్న గుడ్డు చుట్టుకొలత సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు కనుక ఎనిమిది అక్షరాలు ఇరుకు లేకుండా పడతాయి. పైన అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, ఎ, ఏ. కింద క, డ, త, న, ప, మ, ర, ల. నా ఎంపిక ఇదే, వీటితో పిల్లలకు తెలిసిన మాటలు ఎక్కువ వస్తాయి.

పై డిప్ప మీద అచ్చులకు బదులు గుడి, కొమ్ము వంటి గుణింతపు గుర్తులు రాయాలని చాలామందికి తోస్తుంది. రాయకండి. గుడి చేరగానే క మీది తలకట్టు పోవాలి, గుడ్డు మీద అది పోదు. కొమ్ము పక్కన చేరుతుంది, ఐత్వం పైనా కిందా రెండు చోట్లా వస్తుంది. అతుకు గీత వీటిని పట్టలేదు. క ఎదుటికి ఇ తెచ్చి, ‘కి’ అని పైకి పలికి, ఆ అక్షరాన్ని పిల్లలే పలక మీద రాయాలి. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో వారాంతపు తెలుగు బడికి వెళ్ళే పిల్లలు గుణింతాన్ని పాటలా వల్లిస్తారు గానీ, నడుమ నుంచి ఒక్కటి అడిగితే ఆగిపోతారు. గుడ్డు ఎక్కడ ఆగుతుందో ముందే తెలియదు కనుక వల్లెవేత ఇక్కడ సాయపడదు. ఇలాంటి గుడ్లు రెండు పక్కపక్కన పెడితే మాటలు పుడతాయి: కాకి, మేక, పాలు, పులి, నీరు, తేలు, తేనె, లేడి. వత్తులున్న మాటలు ఈ గుడ్లతో రావు, వాటికి మూడో గుడ్డు కావాలి, అది తర్వాతి పాఠంలో చేద్దాం.

అభ్యాసం: వచ్చే పాఠానికి ముందు ఆ రెండు గుడ్లతో వత్తులు లేని రెండక్షరాల మాటలు ముప్ఫై కనిపెట్టి, నోటుపుస్తకంలో రాసి, ప్రతి మాటకూ పిల్లలు సొంతంగా ఒక వాక్యం చెప్పాలి. పైన ఇచ్చిన ఎనిమిదీ లెక్కలోకి రావు. విరిగిన డిప్పలుంటే పదునైన అంచుకు టేపు చుట్టి, పిల్లలకు అందకుండా దాచి ఉంచండి, మూడో గుడ్డుకు ఒక్క డిప్ప చాలు.