ఘర్షణ నడుస్తున్న నగరాన్ని చిత్రించడం ఎలా

రాజకీయ ఘర్షణ నడుస్తున్న నగరాన్ని చిత్రించదలచినవారు ముందుగా ఆ నగరంలో ఒక్క చోటును ఎంచుకోవాలి. ఊరంతటినీ ఒకే బొమ్మలో ఇమడ్చబోతే అది తరచుగా పిడికిళ్లు, జెండాలు, పావురాలు నిండిన గోడపత్రికగా తేలుతుంది. ఒక కూడలి గాని, ఒక వంతెన గాని, బడి ముందరి వీధి గాని చాలు. అక్కడికి కనీసం పదిహేను రోజులు ఒకే వేళకు వెళ్లి, ఊరేగింపు జరిగిన రోజునూ, కర్ఫ్యూ సడలించిన రోజునూ, ఏమీ జరగని రోజునూ ఒకే పుస్తకంలో గీసుకోవాలి. ఏ దుకాణం సగం తలుపే తెరిచింది, ఎవరు దగ్గరి దారి వదిలి చుట్టుదారిన నడిచారు అన్నవి ఏమీ జరగని రోజునే కంటపడతాయి గనుక, చివరికి ఎక్కువగా అక్కరకు వచ్చేవి ఆ పేజీలే.

ఇక ఆశను ఎలా చూపాలన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. దీనికోసం అంబ్రోజో లోరెంజెట్టి 1338–39లో ఇటలీలోని సియెనా నగర పాలక భవనంలో వేసిన కుడ్యచిత్రాలను నిదానంగా పరిశీలించాలి. అప్పట్లో ఆ నగరాన్ని ఏలిన తొమ్మిదిమంది సమావేశమయ్యే గదిలోనే మంచి పాలన ఫలితాలూ, చెడు పాలన ఫలితాలూ ఎదురెదురు గోడల మీద కనిపిస్తాయి. మంచి పాలన ఉన్న ఊళ్లో తాపీ పనివారు పరంజా ఎక్కి గోడ కడుతుంటారు, చెప్పులు చేసేవాడు తన పనిలో ఉంటాడు, గురువు పాఠం చెబుతుంటాడు; చెడు పాలన ఉన్న ఊళ్లో ఇళ్లు శిథిలమవుతుంటే ఆయుధాలు చేసేవాడి కొలిమి ఒక్కటే నడుస్తుంది. పచ్చని పొలాల మీదుగా ఎగిరే, భద్రతకు ప్రతీకగా గీసిన స్త్రీ మూర్తి చేతిలోని చిన్న ఉరికొయ్యకు ఒక మనిషి వేలాడుతున్న సంగతి తొలి చూపులో తప్పిపోతుంది. పాలకుల సొమ్ముతో వేసిన బొమ్మే అయినా, ఆ శాంతికి చెల్లించిన వెలను చిత్రకారుడు దాచలేదు. కాబట్టి మీ పుస్తకంలోని పేజీలు తిరగేసి, గొడవల మధ్య కూడా ఆగకుండా సాగిన పనులేవో గుర్తు పెట్టుకోండి, వాటి పక్కనే ఆ పని ఎవరికి ఆగిపోయిందో కూడా రాసుకోండి.

తరువాత కూర్పు. కాన్వాసును సగం చీకటిగా, సగం వెలుగుగా విడదీయాలన్న కోరికను అణచుకోవాలి. ఎదురెదురు గోడలు దొరికిన లోరెంజెట్టికి అది చెల్లింది గాని, ఒక్క చట్రంలో అది పాఠ్యపుస్తకంలోని బొమ్మలా తయారవుతుంది. 1992 నుంచి 1996 వరకు సాగిన ముట్టడి తరువాత బోస్నియా రాజధాని సారాయెవోలో, మనుషులను చంపిన ఫిరంగి గుండ్లు కాలిబాటల మీద మిగిల్చిన గుంటలను ఎర్రటి రెసిన్‌తో (గట్టిపడే జిగురు పదార్థంతో) నింపారు. వాటిని సారాయెవో గులాబీలు అంటారు. జనం ఈనాటికీ వాటి పక్కనుంచే పనులకు వెళతారు. గాయమూ, దాని మీదుగా సాగే నడకా ఒకే చోట ఉండటమే అక్కడి బలం.

ముసాయిదా పూర్తయ్యాక తీసివేత మొదలుపెట్టాలి, దీనికి చిత్రం వేయడానికి పట్టినంత కాలం పట్టినా తొందరపడకూడదు. స్పెయిన్‌లో బాంబు దాడికి గురైన గెర్నికా పట్టణం పేరుతో పికాసో 1937లో ‘గెర్నికా’ చిత్రం వేస్తున్నప్పుడు ఫోటోగ్రాఫర్ డోరా మార్ వరుసగా తీసిన ఫోటోలలో, పడిపోయిన యోధుడు మొదట పిడికిలి బిగించి చెయ్యెత్తి ఉంటాడు, తరువాత ఆ చేతిలోకి ధాన్యపు కంకులు, వెనుకకు పెద్ద సూర్యుడు వస్తాయి. చివరి చిత్రంలో ఆ ఎత్తిన చెయ్యి లేదు. నేల మీది విరిగిన కత్తి పక్కన ఒక చిన్న పువ్వు మాత్రం మిగిలింది. మీ బొమ్మలో కూడా అన్నిటికన్నా బిగ్గరగా అరిచే గుర్తును ఒక పలుచని కాగితంతో మూసి చూడండి, లోటు తెలియకపోతే దానిని చెరిపివేయండి.

ఘర్షణ ఇంకా చల్లారకపోతే ఎవరి ముఖాన్నీ పోలిక తెలిసేలా గీయకూడదు. నడక, భుజాల వంపు, చేతి పని చాలు.

చిత్రాన్ని ప్రదర్శనకు పంపే ముందు ఆ వీధిలో ఉండేవారికి, వీలైతే రెండు పక్షాల వారికీ, విడివిడిగా చూపించాలి. రాజకీయం గురించి వారు చెప్పే అభ్యంతరాలను విని, ఆలోచించి, మీకు తోచినట్టు చేయవచ్చు గాని, ఫలానా తలుపు లోపలికి తెరుచుకోదు, బయటికే తెరుచుకుంటుంది అని ఎవరైనా చెబితే ఆ దిద్దుబాటును ఆ రోజే చేయాలి.