క్లచ్ పెడల్ పైకి రావడం లేదా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూడండి

క్లచ్ నొక్కి గేరు మార్చి కాలు తీస్తే పెడల్ కిందే ఉండిపోయింది. విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర, వెనక బస్సు హారన్ కొడుతుండగా ఇలా జరిగితే ఎవరికైనా టెన్షనే. ముందు బ్రేకు తొక్కి బండి ఆపండి, నాలుగు ఇండికేటర్లూ వేయండి. నడుస్తున్న బండిలో కిందికి వంగి పెడల్‌ను చేత్తో లాగొద్దు, ప్రాణం మీదికి వస్తుంది. బండి ఆగాక కాలి వేళ్లు పెడల్ కిందికి పోనిచ్చి పైకి ఎత్తితే చాలాసార్లు వచ్చేస్తుంది. బండిని పక్కకు తీయడానికి అది చాలు. అలాగే ఇంటిదాకా నడపడం మాత్రం వద్దు.

షెడ్డుకు వెళ్లి విషయం చెప్పగానే "క్లచ్ ప్లేట్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అన్నారంటే వెంటనే సరేననకండి. ప్లేట్ అరిగితే లక్షణం వేరుగా ఉంటుంది. ఇంజిన్ రేస్ అవుతుంది, బండి మాత్రం దానికి తగ్గట్టు లాగదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. పెడల్ ఇరుక్కుంటే మాత్రం పెడల్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న భాగాలను ముందు చూడాలి. అవి చూడకుండా గేర్‌బాక్స్ దించితే కూలీ దండగ.

మొదట కాళ్ల కింద మ్యాట్ తీసి చూడండి. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే అంచు పెడల్‌కు అడ్డుపడుతుంది.

తర్వాత మీ బండిది కేబుల్ క్లచ్చా (పెడల్ నొక్కితే తీగ లాగేది), ఆయిల్ క్లచ్చా (బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) తెలుసుకోండి. మారుతి 800, పాత ఆల్టో లాంటివి కేబుల్‌వి. ఇన్నోవా లాంటివి ఆయిల్‌వి. క్లచ్‌కు విడిగా డబ్బా కనపడలేదని కేబుల్ అనుకోవద్దు. చాలా బండ్లలో బ్రేక్ ఆయిల్ డబ్బా నుంచే క్లచ్‌కూ పైపు వెళ్తుంది.

కేబుల్ బండిలో పెడల్ రోజురోజుకూ గట్టిపడి, ఆ తర్వాత నెమ్మదిగా పైకి రావడం మొదలైతే కేబుల్ లోపల తుప్పో, పోగులు తెగడమో అయ్యుంటుంది. గేర్‌బాక్స్ వైపు కేబుల్ ఊడదీయించి పెడల్‌ను చేత్తో ఆడించండి. అప్పుడు కూడా పట్టేస్తుంటే పెడల్ తిరిగే చోట ఉండే బుష్ ఎండిపోయింది, శుభ్రం చేసి గ్రీజు పెడితే సరిపోతుంది. పెడల్ తేలిగ్గా ఆడి, కేబుల్ లోపలి తీగ బిగుసుకుంటే కేబుల్ మార్చండి. నూనె పోసి నెట్టుకురావడం నాకు నచ్చదు. ఒక్క పోగు తెగినా మిగతావి తెగడానికి ఎంతో కాలం పట్టదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు నీళ్లలో మునిగిన బండ్ల విషయంలో ఇంకో సంగతి కూడా చూడాలి. అలా మునిగి చాలా రోజులు కదలకుండా ఉన్న బండిలో క్లచ్ ప్లేట్ తుప్పుతో ఫ్లైవీల్‌కు, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి, అతుక్కుపోవచ్చు. అప్పుడు పెడల్ మామూలుగానే ఆడుతుంది, గేరు మాత్రం పడదు.

ఆయిల్ క్లచ్‌లో పరీక్ష తేలిక. పెడల్‌ను నాలుగైదుసార్లు గబగబా కొట్టండి. అప్పుడు పెడల్ గట్టిపడి గేరు సరిగ్గా పడిందంటే లైనులో గాలి ఉంది, లేదా పెడల్ నొక్కితే ఆయిల్‌ను పైపులోకి తోసే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు పోయాయి. ఇప్పుడు టార్చ్ తీసుకుని డ్యాష్‌బోర్డు కిందికి దూరండి. పెడల్ నుంచి సిలిండర్‌లోకి వెళ్లే కడ్డీ చుట్టూ వేలితో తడమండి, తడి తగిలితే మాస్టర్ సిలిండర్ కారుతున్నట్టే. అక్కడ పొడిగా ఉంటే గేర్‌బాక్స్ పక్కన ఉండి, ఆ ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడిపించే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచు కొంచెం ఎత్తి చూడండి. లోపలినుంచి ఆయిల్ జారితే జబ్బు అక్కడుంది. రెండుచోట్లా పొడిగా ఉన్నా మాస్టర్ సిలిండర్‌ను వదిలేయకండి, ఆయిల్ వాషర్‌ను దాటి లోపలే వెనక్కి పోతుంటే బయటికి చుక్క కూడా రాదు.

వాషర్ కిట్ మార్చేటప్పుడు సిలిండర్ లోపల గీతలు కనపడితే కిట్‌తో సరిపెట్టకండి, సిలిండరే కొత్తది వేయించండి. విజయవాడ ఆటోనగర్‌లో వెతుక్కుంటే రెండూ దొరుకుతాయి. బ్రేక్ ఆయిల్ మాత్రం డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో, డాట్ 4 అని ఉందో చూసి అదే పోయండి. ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బర్లన్నీ ఉబ్బి చెడిపోతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. స్లేవ్ సిలిండర్ దగ్గర గాలి వదలడానికి ఉండే నిపుల్‌కు సన్నని తెల్ల గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపుల్ వదులు చేసి, బుడగలు వచ్చాక బిగించాలి. ఆ తర్వాతే పెడల్ వదలాలి. బుడగలు ఆగేదాకా ఇదే పని. మధ్యలో డబ్బా ఖాళీ అవ్వనివ్వొద్దు, డబ్బా రెండింటికీ ఒకటే అయితే బ్రేకుల్లోకీ గాలి చేరుతుంది.

ఇవన్నీ బాగుండి కూడా పెడల్ ఇరుక్కుంటే అప్పుడు క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్, దాన్ని నెట్టే ఫోర్క్, క్లచ్ ప్లేట్‌ను నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ చూడాలి. కొన్ని బండ్లలో స్లేవ్ సిలిండర్ కూడా లోపలే ఉంటుంది. దీనికి గేర్‌బాక్స్ దించక తప్పదు. ఎలాగూ దించారు కాబట్టి ప్లేట్, ప్రెషర్ ప్లేట్, బేరింగ్ మూడూ చూపించమని అడగండి, అరిగినవి అప్పుడే మార్పించుకోండి.

ఆయిల్ పని చేయించిన బండికి డబ్బాలో మట్టం దగ్గర గుర్తు పెట్టి, రెండు మూడు రోజులయ్యాక మళ్లీ చూడండి. మట్టం దిగిందంటే ఇంకా ఎక్కడో కారుతోంది. బండి తిరిగి షెడ్డుకు తీసుకెళ్లండి.