విశాఖలో అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నారా? ఏ మరక ఎవరి ఖాతాలోకి వస్తుందో ముందే చూసుకోండి

పన్నెండేళ్లలో విశాఖలో ఐదు అద్దె ఇళ్లు మారాం. మర్రిపాలెంతో మొదలుపెట్టి ఇప్పుడు మధురవాడ చేరాం. మొదటి ఇల్లు ఖాళీ చేసినప్పుడు అడ్వాన్స్‌లో సగానికి పైగా పోయింది. బెడ్‌రూమ్ గోడ అడుగున పెయింట్ పెచ్చులు లేచిందని, అది మేం పాడు చేసిందేనని ఓనరు గారు లెక్క రాశారు. ఆ గోడకి అవతల బాత్రూమ్ ఉంది. నీళ్లు అక్కడి నుంచే ఇంకుతున్నాయి. ఆ సంగతి మాకు తట్టలేదు, ఆయనా చూడలేదు. చేరిన రోజు ఆ గోడ ఎలా ఉందో చూపించడానికి ఒక్క ఫోటో కూడా లేక, ఇచ్చింది తీసుకుని వచ్చేశాం.

అప్పటి నుంచి ఇల్లు వదిలే ముందు ప్రతి మరక దగ్గరా ఒకటే చూస్తాను: ఇది ఎందుకు వచ్చింది? కారణం తెలిస్తే దాన్ని ఎలా పోగొట్టాలో తెలుస్తుంది, ఖర్చు ఎవరు పెట్టాలో కూడా తెలుస్తుంది.

చట్టం చెప్పేది కూడా ఇదే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, చేరినప్పుడు ఇల్లు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకీ, మనిషి ఆపలేని ప్రకృతి విపత్తు వల్ల జరిగిన నష్టానికీ మాత్రం అద్దెకున్నవారి బాధ్యత లేదు. అయితే ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. కాబట్టి చీపురు పట్టుకునే ముందు అగ్రిమెంట్ తీసి చదవండి. ‘వెళ్లేటప్పుడు పెయింటింగ్ ఖర్చు అద్దెదారుడిదే’ అన్న లైను మీద మీరు సంతకం పెట్టి ఉంటే, కింద రాసిన వాటిలో కొన్ని మీకు వర్తించవు.

సమస్య: గోడ అడుగున పెయింట్ ఉబ్బి, తెల్లగా ఉప్పు పూసి, పెచ్చులు రాలుతోంది

అన్నిటికంటే ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

దీనికి కారణాలు రెండు రకాలు. మొదటిది గోడలోంచే వచ్చే చెమ్మ. బాత్రూమ్ టైల్స్ మధ్య సందుల్లోంచి, లోపలి పైపు లీకులోంచి, పునాది నుంచి, వానకి తడిసే బయటి గోడ పగుళ్లలోంచి నీరు లోపలికి వస్తుంది. ఆ నీటితో పాటు సిమెంటులోని, ఇటుకలోని లవణాలు పైకి వస్తాయి. నీరు ఆరిపోయాక అవే తెల్లటి పొడిలా మిగిలి పెయింట్‌ని తోసేస్తాయి. రెండోది గదిలోని తేమ. మన ఊళ్లో గాలే తడిగా ఉంటుంది. బీరువాని గోడకి ఆనించేసి, కిటికీలు తెరవకుండా, తడి బట్టలు గదిలోనే ఆరేస్తే గోడ మీద నల్లటి బూజు పడుతుంది.

ఏది ఏదో తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆ చోట గోడని ఫ్యాన్ గాలికి బాగా ఆరనివ్వండి. తర్వాత జానెడు ప్లాస్టిక్ కవరు ముక్కని నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు తడి కనిపిస్తే అది గదిలోని తేమే. ఫోటో తీసి పెట్టుకోండి.

గోడలోంచి వచ్చే చెమ్మ ఓనరు బాగు చేయించాల్సింది. మీరు దాని మీద పుట్టీ రాసి రంగు వేయకండి. నెల తిరిగేసరికి మళ్లీ లేస్తుంది, అప్పుడు మీరు దాచిపెట్టారన్న మాట కూడా పడుతుంది. ఉన్నదున్నట్టు చూపించండి. అయితే కనిపించిన వెంటనే ఓనరుకి చెప్పడం మాత్రం మన బాధ్యత. ఏడాది పాటు చెప్పకుండా ఊరుకుంటే పాడైన దాంట్లో కొంత మన నిర్లక్ష్యం కూడా ఉన్నట్టే. వాట్సాప్‌లో ఒక ఫోటో, ఒక లైను చాలు, తేదీ దానంతటదే ఉంటుంది.

గదిలోని తేమతో పట్టిన బూజు మాత్రం మనం శుభ్రం చేయాల్సిందే. ముక్కుకి గుడ్డ కట్టుకుని, నీళ్లలో కలిపిన బ్లీచ్‌తో తుడిచి, ఆరనివ్వండి. కొత్త ఇంట్లో బీరువాకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచండి.

సమస్య: మేకుల కన్నాలు, పిల్లల గీతలు, చేతి మరకలు

క్యాలెండర్‌కీ, దేవుడి పటానికీ కొట్టిన మేకులు మామూలు వాడకమేనని నా అభిప్రాయం. టీవీ స్టాండ్‌కి, షెల్ఫులకి డ్రిల్లు పెట్టి వేసిన పెద్ద కన్నాలు అలా కాదు. వాటిని మనమే పూడ్చాలి. ప్లాస్టిక్ ప్లగ్గు లాగేసి, దుమ్ము ఊది, కాస్త తడి చేసి, వాల్ పుట్టీ రెండు విడతలుగా నింపండి. ఒకేసారి నింపితే ఆరేటప్పుడు లోపలికి కుంగుతుంది. ఆరాక ఉప్పు కాగితంతో రుద్దండి.

గీతలు తుడిచే ముందు గోడకి వేసినది ఏ రంగో చూసుకోండి. తడి గుడ్డతో ఒక మూల రుద్దితే రంగు గుడ్డకి అంటుకుంటోందా? అయితే అది డిస్టెంపర్ లేదా సున్నం. నీళ్లతో కడిగితే గీతతో పాటు రంగూ పోయి పెద్ద మచ్చ మిగులుతుంది. అలాంటి గోడని పొడి గుడ్డతో దులపడం వరకే. రంగు అంటకపోతే ఎమల్షన్ అన్నమాట. మెత్తటి గుడ్డ, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు సరిపోతాయి.

ఏళ్ల తరబడి ఉన్నాక రంగు వెలిసిపోవడం అరుగుదలే. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో పనుల పంపకం పట్టిక ఒకటి ఉంది. వెల్ల వేయించడం, తలుపులకీ కిటికీలకీ రంగులు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనరు వైపు ఉన్నాయి. కుళాయిలు, వాషర్లు, స్విచ్‌లు, గీజర్ రిపేరు, తాళాలు, కిటికీ అద్దాలు, దోమల జాలీలు, డ్రైనేజీ శుభ్రం అద్దెకున్నవారి వైపు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌కి 2017 నాటి సొంత అద్దె చట్టం ఉంది కాబట్టి కేంద్రం నమూనా ఇక్కడ నేరుగా అమలు కాదు. అయినా ఓనరుతో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఆ పట్టిక ఇద్దరికీ న్యాయమైన కొలతగా పనికొస్తుంది.

సమస్య: బాత్రూమ్ టైల్స్ మీద, కుళాయిల మీద తెల్లటి గార

బోరు నీళ్లలో ఉండే సున్నమే ఇలా పేరుకుంటుంది. దయచేసి ఖాళీ చేసే హడావిడిలో యాసిడ్ సీసా మాత్రం కొనకండి. యాసిడ్ మార్బుల్‌ని తినేస్తుంది, దాని ఆవిరికి స్టీలు కుళాయిలు నల్లబడతాయి. అంతకన్నా ముఖ్యంగా, టైల్స్ మధ్య సిమెంటు కరిగిపోతే నీరు కింది ఫ్లాట్‌లోకి దిగుతుంది. గార పోయింది కదా అని సంతోషించే లోపే కింది వాళ్ల సీలింగ్ ఖర్చు మన మీదకి వస్తుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదకే తెస్తుంది.

వెనిగర్ గానీ నిమ్మరసం గానీ తడిపిన గుడ్డని కుళాయికి చుట్టి అరగంట ఉంచండి, టైల్స్ మీదైతే పరచండి. తర్వాత బ్రష్‌తో రుద్ది కడగండి. మొండి గారకి రెండు మూడు సార్లు చేయాలి. మార్బుల్ మీద ఇవి కూడా వాడకూడదు, సబ్బు నీళ్లే.

సమస్య: వంటింట్లో జిడ్డు

పొయ్యి వెనక టైల్స్ మీది జిడ్డు వేడి నీళ్లకీ, వంట సోడా ముద్దకీ లొంగుతుంది. చిమ్నీ జాలీ అల్యూమినియందైతే బట్టల సోడాలో నానబెట్టవద్దు, నల్లబడిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వేడి నీళ్లు చాలు. పొయ్యి పైన సీలింగ్‌కి పట్టిన నూనె పొగని చాలామంది వదిలేస్తారు. దాని మీద కొత్త రంగు నిలవదు, అందుకే పెయింటర్ అదనంగా అడుగుతాడు. మనం ముందే తుడిచేస్తే ఆ మాట రాదు. సింకు కింది పైపు విప్పి కడిగితే చేపల వాసన కూడా పోతుంది.

సమస్య: గడపకి, దేవుడి గూటికి పసుపు, మసి మరకలు

పసుపుని సబ్బుతో, సోడాతో రుద్దితే ఎర్రగా మారుతుంది. క్షార గుణం తగిలితే పసుపు ఎర్రబడడం మామూలే, కంగారు పడకండి. నీళ్లతో బాగా కడిగేయండి. ఎండ తగిలే చోటైతే కొన్ని రోజుల్లో పసుపు దానంతటదే వెలిసిపోతుంది. గూట్లో నూనె మసిని ముందు పొడి కాగితంతో తీసేయాలి, తర్వాతే తడి గుడ్డ. నేరుగా తడి చేస్తే మసి గోడంతా పాకుతుంది.

సమస్య: గ్రిల్స్ తుప్పు, కిటికీల స్లైడర్లు జరగవు

బీచ్ వైపు ఇళ్లలో, ముఖ్యంగా లాసన్స్ బే కాలనీ లాంటి చోట్ల, ఉప్పు గాలికి ఇనుము తుప్పు పట్టడం ఎవరి తప్పూ కాదు. అది మీ ఖాతాలో రాస్తే ఒప్పుకోకండి. స్లైడర్ల గాడిలో చేరిన ఇసుక, ఉప్పు మాత్రం పాత టూత్‌బ్రష్‌తో మీరే తీసేయండి.

తుఫానుకి అద్దాలు పగిలితే? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊళ్లో ఎన్ని అద్దాలు పగిలాయో మనకి తెలుసు. అలాంటి నష్టం అద్దెకున్నవారిది కాదు. ముందే హెచ్చరిక వచ్చినా కిటికీ గడియ వేయకుండా ఊరెళ్లిపోతే అది వేరే సంగతి.

మీ ఏసీ తీసుకెళ్తుంటే గోడకి వేసిన పైపు కన్నం సిమెంటుతో పూడ్చి వెళ్లండి. వదిలేస్తే మొదటి వానకే నీరు లోపలికి వస్తుంది.

సమస్య: ఇల్లు ఖాళీ చేసినా అడ్వాన్స్ రావడం లేదు

చాలాసార్లు కారణం, తాళాలు ఇచ్చే ముందు ఇద్దరూ కలిసి ఇల్లు చూడకపోవడం. సామాను వెళ్లిపోయాక, గదులు తుడిచాక, పగటి వెలుతురులో ఓనరుని పిలవండి. గది గదీ తిరుగుతూ వీడియో తీయండి. ఈపీడీసీఎల్ కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీసి, ఆ రోజు వరకు బిల్లు, మెయింటెనెన్స్ కట్టిన రసీదులు చేతికివ్వండి. ఏదైనా కోత పెడతామంటే దేనికి ఎంతో కాగితం మీద రాయమని మర్యాదగా అడగండి. ‘పెయింటింగ్‌కి ఒక నెల అద్దె’ అని గుండుగుత్తగా అంటే, అగ్రిమెంట్‌లో ఆ లైను ఉందేమో చూడండి. లేకపోతే పెయింటర్ బిల్లు చూపించమనండి.

నోటీసు కూడా మరవద్దు. అగ్రిమెంట్‌లో గడువు రాసి ఉంటే అదే. లేకపోతే నెలవారీ అద్దెకి 15 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఆషాఢం, మూఢం చూసుకుని కొత్త ఇంట్లో పాలు పొంగించే తేదీ మారితే, ఆ మార్పు కూడా వెంటనే ఓనరుకి రాయండి. లేకపోతే ఆ రోజుల అద్దె అడ్వాన్స్‌లోంచి పోతుంది.

అప్పటికీ డబ్బు ఇవ్వకపోతే లాయరు ద్వారా ఒక నోటీసు పంపండి. తర్వాత విశాఖ కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని రాజీ పడితే అక్కడి తీర్పుకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కోర్టుకే వెళ్లాలనుకుంటే బాకీ తేలిన నాటి నుంచి మూడేళ్లలోపు వెళ్లాలి.

ఇక కొత్త ఇంట్లోకి సామాను దించకముందే, ఖాళీ గదుల్లో ప్రతి గోడ అడుగు భాగం, ప్రతి కుళాయి, ప్రతి కిటికీ ఫోటో తీసి, అదే రోజు ఓనరు గారి వాట్సాప్‌కి పంపించండి.