అడవి పుట్టగొడుగుల్లో మందు వెతుకుదాం - 4వ పాఠం: ఖాళీ డిస్కు

పోయిన పాఠం తర్వాత వచ్చిన ఫొటోలు చూసి నాకు సంతోషం కంటే టెన్షన్ ఎక్కువైంది. కావలి, ఉదయగిరి, ఒంగోలు, ఎక్కడినుంచి వచ్చినా, ప్లేట్లోని బాక్టీరియా మీద పుట్టగొడుగు సారంలో తడిపి పెట్టిన కాగితపు డిస్కు చుట్టూ బాక్టీరియా పెరగని చక్కటి వలయం. తెచ్చిన ప్రతి పుట్టగొడుగులోనూ యాంటీబయాటిక్ ఉందంటే నమ్మేదెలా? పోల్చి చూడ్డానికి ఒక్క ప్లేట్లోనూ సారం లేని ఖాళీ డిస్కు లేదు. అందుకే సారంలోని పదార్థాల్ని విడదీసే క్రొమటోగ్రఫీని ఈసారి పక్కన పెడుతున్నా.

ఎండబెట్టడం, పొడి కొట్టడం, నానేసి వడకట్టడం మళ్లీ చెప్పను. పనంతా కాలేజీ ల్యాబ్‌లోనే. బాక్టీరియా ప్లేట్లు ఇంటి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు దయచేసి ఈ పాఠాలు ఆపేయండి.

డిస్కు మీద పడేది పుట్టగొడుగు సారం ఒక్కటే కాదు, దాన్ని కరిగించిన మిథనాల్ కూడా. అదీ బాక్టీరియాని చంపేదే. 65 డిగ్రీలకే మరిగేది కదా, ఇట్టే ఆరిపోతుందనుకుంటారు. మీరు వాడింది నీళ్లు కలిపిన 80 శాతం మిథనాల్. నవంబరు ముసురులో నెల్లూరు గాలికి అది ఏం ఆరుతుంది? నేనైతే ముందురోజు సాయంత్రమే డిస్కులు తడిపి తెల్లారేదాకా ముట్టుకోను. మిథనాల్ బదులు డీఎంఎస్ఓ అనే ద్రావకం వాడినవాళ్లు ఆరబెట్టడం మాటే మర్చిపోండి, దాని మరుగు స్థానం 189 డిగ్రీలు.

కాబట్టి ప్రతి ప్లేట్లో మూడు ఉండాలి: సారం డిస్కు, అదే ద్రావకాన్ని అంతే పోసి అంతసేపే ఆరబెట్టిన ఖాళీ డిస్కు, 10 మైక్రోగ్రాముల జెంటామైసిన్ (బాక్టీరియాని చంపుతుందని తెలిసిన యాంటీబయాటిక్) డిస్కు. మూడోదానికి వలయం రాకపోతే ఆ ప్లేటు లెక్కలోకి రాదు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. సారానికి 13 మి.మీ., ఖాళీ డిస్కుకి 9 మి.మీ. వస్తే, తీసివేసి ‘4 మి.మీ. పనిచేసింది’ అని రాస్తారు. గోతాం బరువు తీసేస్తే వడ్ల బరువు తేలుతుంది, వలయాలకి ఆ లెక్క కుదరదు. మందు రెట్టింపు చేస్తే వలయం రెట్టింపు కాదు, కాస్త పెరుగుతుందంతే. పైగా ఆ 13 మి.మీ.లో మిథనాల్ దెబ్బ ఎంతో, సారం దెబ్బ ఎంతో విడదీయలేం. ఖాళీ డిస్కుకి వలయం వచ్చిందంటే ఆ ప్లేటు చెల్లదు. బాగా ఆరబెట్టి మళ్లీ చేయండి. అన్నట్టు, డిస్కు వ్యాసమే 6 మి.మీ. ‘6 మి.మీ. వలయం’ అని రాసినవాళ్లకి వచ్చింది సున్నా.

బాసిల్లస్‌తో పాటు ఈ.కోలై బాక్టీరియాని కూడా పరీక్షకి పెట్టమన్నది ఊరికే కాదు. ఈ.కోలైకి బయట ఇంకో పొర ఉంటుంది, చాలా పదార్థాలు దాన్ని దాటలేవు. పుట్టగొడుగుల నుంచి మందుల షాపు దాకా వచ్చిన ప్లూరోమ్యుటిలిన్ అనే యాంటీబయాటిక్ కుటుంబానికే అక్కడ చుక్కెదురు. దాన్ని 1951లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ వాళ్లు ప్రకటించారు. మొదట పశువులకీ కోళ్లకీ టియామ్యులిన్‌గా పనికొచ్చింది. మనుషులకి పైపూతగా రెటాపమ్యులిన్ వచ్చేసరికి 2007 అయింది. అందుకని మీ సారం రెండింటికీ ఒకే సైజు వలయం ఇస్తే ముందు మిథనాల్‌నే అనుమానించండి.

జామాయిల్ మోడు మీద నారింజ రంగు చెక్కలాంటిది తెచ్చినవాళ్లది పిక్నోపోరస్ అనే పుట్టగొడుగు లాగే ఉంది. దాని రంగులోని సినాబరినిక్ ఆమ్లం బాక్టీరియాని అడ్డుకుంటుందని ముందే తెలుసు. కొత్తగా కనిపెట్టినట్టు కాదుగానీ, మీ చేతిపనిని సరిచూసుకోడానికి అంతకంటే మంచిది దొరకదు. పురుగు పట్టినవి మాత్రం వద్దు, కుళ్లులో చేరిన బాక్టీరియా చేసిన పని పుట్టగొడుగు ఖాతాలో పడుతుంది. పెంచలకోన అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏరొద్దు.

అభ్యాసం: ఈసారి పుట్టగొడుగు అసలు లేదు. వట్టి 80 శాతం మిథనాల్ డిస్కులు 5, 15, 30, 60 నిమిషాలు, ఒక రాత్రి ఆరబెట్టి, రెండు బాక్టీరియాల మీదా మూడేసి ప్లేట్లు. మొత్తం ముప్పై. స్కేలు పక్కన లేని ఫొటో పంపితే తెరవను.