అంగట్లో పటికతో స్ఫటికం పెంచేదెట్లా

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మాది చిన్న పూజాసామాన్ల అంగడి. ఎనిమిదో తరగతి చదివే మావాడు సైన్సు ప్రాజెక్టని చెప్పి, "మనకాడ క్రిస్టల్ ఏముందిమా?" అన్నాడు. పటిక, పటికబెల్లం, స్ఫటికమాల మూడూ వాడి ముందర పెట్టినా. స్ఫటికమనే మాటే జనం నోట్లో నలిగి పటికయింది. క్రిస్టల్ అంటే గ్రీకులో మంచుగడ్డంట. మాలలో ఉండే స్ఫటికం రాయిని ఇంక కరగనంతగా బిగుసుకున్న మంచు అనుకునేవాళ్లంట.

లోపల కణాలు వరస తప్పకుండా పేర్చుకోనుంటే అది స్ఫటికం. ఉప్పుగల్లూ అంతే. పై అరలో ధగధగలాడే క్రిస్టల్ గ్లాసు దీపం మాత్రం కాదు, గాజులో ఆ వరస ఉండదు. (మాల కొనేటప్పుడు పూసలో గుండ్రటి గాలిబుడగ కనిపిస్తే అది గాజే, బేరం కూడా ఆడొద్దు.)

పెంచడానికి పటికే సులువు. 50 గ్రాములు దంచి, 200 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, స్టీలు గిన్నెలో వేడిచేస్తా కరిగేదాకా కలపండి. అల్యూమినియం గిన్నె వద్దు. పాత నూలుగుడ్డలో వడగట్టి, గాజుగ్లాసులో పోసి, మూసి, ఒక రాత్రి కదిలించకుండా వదిలేయండి. తెల్లారేసరికి అడుగున పలుకులుంటాయి. భూతద్దంలో చూడండి: రెండు గోపురాల్ని పీఠాలు ఆనించి అతికించినట్టు, ఎనిమిది ముఖాలు. అట్లా తీరుగా, తేటగా ఉండేదాన్ని సన్న నైలాను దారానికి కట్టండి. ముడి జారుతుంది, ఓపిక పట్టాల్సిందే. నీళ్లను మాత్రం వేరే గ్లాసులోకి వంచుకుని, పుల్లకు దారం చుట్టి నడిమధ్యలో వేలాడదీసి, పైన పల్చటి గుడ్డ కప్పండి.

నేను చేసిన తప్పు చెప్తా. మొదటిసారి గ్లాసును అంగట్లోనే రేకుల కింద పెట్టినా. మధ్యాన్నానికి పలుకు లేదు, ఉత్త దారం వేలాడతా ఉంది! నీళ్లు వేడెక్కితే ఇంకా పటికను కరిగించుకుంటాయి, మన పలుకునే మింగేసినాయి. అందుకే ఇంట్లో చల్లటి మూల చూసుకోండి. ఎండాకాలం అసలు మొదలుపెట్టొద్దు.

అడుగున కొత్త పలుకులు పుడితే నీళ్లు మళ్లీ వంచుకోండి, లేకుంటే అవే పెరిగి మనదానికి మిగలదు. గ్లాసు మీద 'తాగొద్దు' అని కాగితం అంటించండి. మా అత్త మంచినీళ్లని ఎత్తేసింది, మావాడు అరిచినాడు కాబట్టి సరిపోయింది.

కావాల్సినంత పెరిగినాక తీసి గుడ్డతో అద్దండి. కుళాయి కింద మాత్రం కడగొద్దు, అంచులు కరిగిపోతాయి. రంగులేని గోళ్లపాలిష్ ఒక పూత వేస్తే మెరుపు నిలుస్తుంది.