టైటానియం డయాక్సైడ్‌పై ప్లాటినం నానోకణాలను నిలిపి, కాంతితో హైడ్రోజన్ రాబట్టే పద్ధతి

అనటేజ్ అనే స్ఫటిక రూపంలోని టైటానియం డయాక్సైడ్‌పై సుమారు 388 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతి పడినప్పుడు దానిలో ఎలక్ట్రాన్లు, వాటి వెనుక ధనావేశపు ఖాళీలు ఏర్పడతాయి. ఈ రెండింటిలో అధిక భాగం ఏ రసాయన చర్యకూ చేరకముందే తిరిగి కలిసిపోయి వేడిగా మారిపోతుంది. దాని ఉపరితలంపై అక్కడక్కడ ప్లాటినం కణాలు ఉంటే అవి ఎలక్ట్రాన్లను తమవైపు లాక్కుని, ప్రోటాన్లు హైడ్రోజన్‌గా మారడానికి అనువైన స్థలాన్ని ఇస్తాయి. అందువల్ల ఇక్కడ కాంతిని పీల్చుకునేది అర్ధవాహకమైన టైటానియం డయాక్సైడే, లోహం చేసేది ఎలక్ట్రాన్లను పట్టి అందించడం మాత్రమే. ఈ పాత్రల విభజన ముందే స్పష్టంగా ఉంటే లోహం ఎంపికలోనూ, ఫలితాల వ్యాఖ్యానంలోనూ తప్పులు తగ్గుతాయి.

లోహాన్ని నిలపడానికి కూడా కాంతినే వాడవచ్చు. 100 మిల్లీగ్రాముల టైటానియం డయాక్సైడ్ పొడిని 40 మిల్లీలీటర్ల శుద్ధజలం, 10 మిల్లీలీటర్ల మిథనాల్ ఉన్న క్వార్ట్జ్ పాత్రలో వేసి బాగా చెదరగొట్టాలి. మనకు కావలసింది బరువులో 1 శాతం ప్లాటినం, అంటే 1 మిల్లీగ్రాము. ఇందుకు వాడే ప్లాటినం సమ్మేళనం ఆరు నీటి అణువులు గల క్లోరోప్లాటినిక్ ఆమ్లం; అందులో ప్లాటినం సుమారు 37.7 శాతమే కాబట్టి ఆ సమ్మేళనం 2.65 మిల్లీగ్రాములు కావాలి. ఇంత స్వల్ప పరిమాణాన్ని, అదీ గాలిలోని తేమను పీల్చుకునే పదార్థాన్ని, నేరుగా తూచబోతే లెక్క తప్పుతుంది. ముందుగా మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ప్లాటినం ఉండే ద్రావణాన్ని తయారుచేసుకుని, అందులోంచి 1 మిల్లీలీటరు తీసి కలపడమే మేలు. ప్లాటినం లవణాలు తీవ్రమైన ఎలర్జీని కలిగించగలవు కనుక చేతి తొడుగులు, ఫ్యూమ్ హుడ్ (ఆవిరులను బయటికి లాగే గూడు) తప్పనిసరి.

తరువాత పాత్రను చీకటిలో ఉంచి, మాగ్నెటిక్ స్టిర్రర్‌పై కలుపుతూ అరగంటపాటు ఆర్గాన్ వాయువును పంపాలి. ద్రావణంలో ఆక్సిజన్ మిగిలితే అదే ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. ఆపై జినాన్ దీపం కాంతిని ఒకటి రెండు గంటలు ప్రసరింపజేస్తే తెల్లని పొడి బూడిద రంగుకు తిరుగుతుంది. ఎలక్ట్రాన్లు చేరే చోటే ప్లాటినం అయాన్లు వాటిని తీసుకుని, అంటే క్షయకరణం చెంది, లోహంగా మారతాయి కాబట్టి కణాలు అవసరమైన స్థానాల్లోనే కుదురుకుంటాయి. ఈ పద్ధతికి నేను ప్రాధాన్యమివ్వడానికి అసలు కారణం అదే. రంగు మారిందని తృప్తిపడక, మిగిలిన ద్రవంలో ప్లాటినం ఎంత ఉందో పరీక్షించాలి. పొడిని సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేసి, క్లోరైడ్ పోయేదాకా కడిగి ఆరబెట్టాలి.

ఎక్కువ లోహం వేస్తే ఎక్కువ హైడ్రోజన్ వస్తుందనుకోవడం పొరపాటు. మోతాదు మించితే కణాలు పెద్దవై, కాంతిని అడ్డగించి, ఆవేశాలు తిరిగి కలిసే కేంద్రాలుగా మారతాయి. 0.2, 0.5, 1, 2 శాతాలతో నమూనాలు చేసి పోల్చడం ఉత్తమం.

హైడ్రోజన్‌ను కొలిచేటప్పుడు పాత్ర చుట్టూ చల్లని నీరు ప్రవహించే ఏర్పాటు చేసి, వాయువులను వేరుచేసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో నమూనాను మోసుకెళ్లే వాహక వాయువుగా ఆర్గాన్‌ను వాడాలి. దీపం వెలిగించకుండా ఒకసారి, పొడి లేకుండా ఒకసారి, ప్లాటినం లేని పొడితో ఒకసారి ప్రయోగం చేయనిదే అసలు ఫలితానికి విలువ లేదు. హైడ్రోజన్ మండే వాయువు కాబట్టి దాన్ని హుడ్‌లోకే వదలాలి. అతినీలలోహిత కాంతి నుంచి కళ్లకు రక్షణ ఉండాలి.

ఈ అమరికలో మిథనాల్ ఆక్సీకరణం చెందుతూ, కాంతి వల్ల ఏర్పడిన ధనావేశపు ఖాళీలను నింపుతుంది. కనుక వచ్చిన వాయువును నీటి విచ్ఛేదన ఫలితంగా ప్రకటించడం సరికాదు. మిథనాల్ లేని శుద్ధజలంలోనైతే ప్లాటినంపైనే హైడ్రోజన్, ఆక్సిజన్ మళ్లీ కలిసి నీరవుతాయి. దీన్ని అడ్డుకోవడానికే 2006లో జపాన్‌కు చెందిన కజునారి డోమెన్ బృందం లోహకణాలపై క్రోమియం ఆక్సైడ్ పలుచని పూతను వాడి చూపింది.

దృశ్యకాంతితో పని చేయించాలంటే ప్లాటినానికి బదులు బంగారం పరిశీలించవచ్చు. చిన్న బంగారు కణాలు 520 నుంచి 550 నానోమీటర్ల పరిధిలో కాంతిని బలంగా పీల్చుకుని, శక్తిమంతమైన ఎలక్ట్రాన్లను అర్ధవాహకంలోకి పంపగలవు. అయితే ఆ కణాలు వేడెక్కడం వల్ల కూడా చర్య వేగం పెరగవచ్చు. అందుకే వేర్వేరు తరంగదైర్ఘ్యాల వద్ద చర్య రేటును కొలిచి, అది బంగారపు శోషణ రేఖను (ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత పీల్చుకుంటుందో చూపే గీతను) అనుసరిస్తోందా అని చూడాలి. అదే ఉష్ణోగ్రతకు చీకటిలో వేడిచేసిన నమూనాతో కూడా పోల్చాలి.